సంతకం పైన మాట

సైన్యంలో ఇరవయ్యేళ్లు చేసి, హవల్దారుగానో నాయబ్ సుబేదారుగానో రిటైరై, జంషెడ్‌పూర్‌లో ఏదో ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరినవారికి డ్యూటీ కష్టం కాదు. సి షిఫ్టు రాత్రి పదికి మొదలై తెల్లవారి ఆరుకి ముగుస్తుంది. అది వాళ్లకి లెక్కే కాదు. అసలు ఇబ్బంది ఆరు దాటాక వస్తుంది. రాత్రి జరిగినదంతా హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాలి. ఏ గేటు, ఎన్ని గంటలకి, ఏ లారీ, ఎవరు చూశారు, అన్నీ చకచకా రాసేస్తారు. ఆఖరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ‘జై హింద్ సర్’ అని రాయాలా? ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ అనాలా? ఆఫీసులో కుర్రాళ్లందరూ రాస్తున్నట్టు ‘రిగార్డ్స్’ అని వదిలేయాలా?

జంషెడ్‌పూర్‌లోని కాసిడీహ్‌లో ఇలాంటి పెద్దాయన ఒకరు నన్ను అడిగారు: “మేస్టారూ, మా సాబ్‌కి వట్టి ‘రిగార్డ్స్’ అని రాస్తే తక్కువ చేసినట్టు ఉండదాండీ?” పక్కనే ఉన్న వాళ్లబ్బాయి ఒక కాంట్రాక్టు సంస్థలో సైట్ ఇంజనీరు. “అదెవరు చదువుతారు నాన్నా, ఫోనే పెట్టేస్తాది దానంతటది” అన్నాడు.

తండ్రి ప్రశ్నలో మర్యాద ఉంది. కొడుకు జవాబులో కొంత నిజముంది. కానీ ఇద్దరి ధ్యాసా పైవారి మీదే. తండ్రి సాబ్ ఏమనుకుంటారోనని ఆలోచిస్తున్నాడు. కొడుకు సాబ్‌కి చదివే తీరిక ఉండదంటున్నాడు. ఆ అబ్బాయి రోజూ మెయిళ్లు పంపేది మాత్రం సాబ్‌కి కాదు. లేబర్ కాంట్రాక్టర్లకి, వెల్డింగ్ షాపు యజమానులకి, సెలవు అడిగే ఫిట్టర్లకి. వాళ్లు ఆ చివరి పంక్తిని తప్పకుండా చదువుతారు. తమ బిల్లో, సెలవో, ఉద్యోగమో ఆ మెయిల్లో ఉంది కనుక రెండుసార్లు చదువుతారు.

పైవారికి రాసేటప్పుడు జాగ్రత్త దానంతటదే వస్తుంది, భయం నేర్పిస్తుంది. మన కింద పనిచేసేవారికి, మన నుంచి ఏదో రావలసినవారికి రాసే మెయిల్ చివర ఏం పెడతామన్నది మాత్రం మనంతట మనం నేర్చుకోవాలి. ఈ అధ్యాయంలో పై మర్యాదలూ చెబుతాను, అవి తెలియాలి కాబట్టి. నా మనసు మాత్రం రెండోదాని మీదే ఉంది.

*

మన పెద్దలకి ఈ సంగతి బాగా తెలుసు. శ్రీకాకుళం, విశాఖ వైపుల నుంచి ఈ ఉక్కు ఊరికి పనికి వచ్చి సాక్చీ, కాసిడీహ్, కదమ, బిష్టుపూర్‌లలో స్థిరపడ్డ కుటుంబాలకి ఊరి నుంచి వచ్చే ఉత్తరాలు ఎవరింట్లోనైనా దాచి ఉంటే తీసి చూడండి. పెద్దవారికి రాస్తే ‘నమస్కరించి వ్రాయునది’. చిన్నవారికి రాస్తే ‘చిరంజీవి’ అని పిలిచి ‘ఆశీర్వదించి వ్రాయునది’. మధ్యలో ‘ఉభయకుశలోపరి’. చివర పెద్దలకైతే ‘చిత్తగించవలెను’, లేదా ‘ఇట్లు తమ విధేయుడు’. పైకి రాసినా కిందికి రాసినా ఒక మర్యాద ఉండేది. తాత మనవడికి రాసినా ఆశీస్సు లేకుండా ఉత్తరం ముగించేవాడు కాదు. సి.పి. బ్రౌన్ 19వ శతాబ్దంలో ‘తెలుగు రీడర్’ కూర్చినప్పుడు దాన్ని సొంత ఉత్తరాలతో, వ్యాపార లేఖలతో, పోలీసు, రెవెన్యూ కాగితాలతో నింపాడు. ఈ దేశంలో ఉద్యోగం చేయడానికి వచ్చే ఇంగ్లీషువాడు తెలుగు నేర్చుకోవాలంటే, ఎవరు ఎవరికి ఎలా రాసుకుంటారో ముందు తెలియాలని ఆయన గ్రహించాడు.

ఇంగ్లీషు ప్రభుత్వం ఉన్నప్పుడు అర్జీల చివర ‘యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్’ ఉండేది. ఆ ముద్ర ఇంకా పోలేదు. బడిలో సెలవు చీటీ మీద ‘యువర్స్ ఒబీడియెంట్లీ’ రాయించి అలవాటు చేసిన పిల్లలే పాతికేళ్లకి ఉద్యోగం అడుగుతూ అదే రాస్తున్నారు. ఉద్యోగ దరఖాస్తులో అది వద్దు. మీరు అవతలి సంస్థకి ఇంకా ఏమీ కారు. విధేయత ఇవ్వడానికి అక్కడ సంబంధమే మొదలవలేదు. పేరు తెలియని అధికారికి ‘డియర్ సర్’ లేదా ‘డియర్ మేడమ్’ అని మొదలుపెడితే ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’తో ముగించండి. పేరు తెలిసి, పేరుతోనే మొదలుపెడితే ‘యువర్స్ సిన్సియర్లీ’. జార్ఖండ్‌లో ప్రభుత్వ కార్యాలయానికి హిందీలో రాస్తే ‘భవదీయ’ చాలు. ఆడవాళ్లు ‘భవదీయా’ అంటారు. తెలుగులో ‘భవదీయుడు’, ‘భవదీయ’.

*

కేంద్ర సచివాలయపు కార్యవిధాన పుస్తకంలో ఉత్తరాల రకాలు వేరువేరుగా చెప్పి ఉంటాయి. వాటిలో మూడు తెలుసుకుంటే మిగతా అంతా తేలిక. మామూలు అధికారిక లేఖ ‘సర్’ అని మొదలై ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’తో ముగుస్తుంది. డీవో అని అందరూ పిలిచే డెమీ అఫీషియల్ లేఖ ఒక అధికారి ఇంకో అధికారికి పేరు పెట్టి రాసేది. ‘యువర్స్ సిన్సియర్లీ’తో ముగుస్తుంది. ఫైలు కదలనప్పుడు, ఆ మనిషి స్వయంగా పట్టించుకోవాలని కోరినప్పుడు డీవో రాస్తారు. మూడోది ఆఫీస్ మెమోరాండం. దానికి పలకరింపూ లేదు, ముగింపు మాటా లేదు. ‘నేను’, ‘మీరు’ అనే మాటలు కూడా ఉండవు. కింద సంతకం, పేరు, హోదా మాత్రమే.

మనం కంపెనీల్లో పంపే మెయిళ్లకీ ఇదే పనికొస్తుంది. నలభై మందికి ఒకేసారి వెళ్లే సర్క్యులర్ మెమోరాండం లాంటిది. దాని కింద ‘వార్మ్ రిగార్డ్స్’ పెట్టడం అనవసరం, పేరూ విభాగమూ ఉంటే చాలు. ఒక్క మనిషికి, ఆ మనిషి చేయవలసిన పని గురించి రాస్తే అది డీవో. అక్కడ మీ గొంతు వినిపించాలి. చాలామంది ఈ రెండింటినీ తిరగేస్తారు. సర్క్యులర్‌కి ప్రేమ చూపిస్తారు, ఒక్క మనిషికి రాసేటప్పుడు సర్క్యులర్ లాగా మాట్లాడతారు.

మన సైన్యంలో అధికారిక లేఖల కింద సంతకం తర్వాత బ్రాకెట్లో పేరు, దాని కింద ర్యాంకు, ఆ అధికారి నిర్వహిస్తున్న పదవి, అది కమాండర్ తరఫున అయితే ‘కమాండర్ తరఫున’ అనే మాట ఉంటాయి. నాకు ఈ పద్ధతి మీద చాలా గౌరవం. చదివేవాడికి రెండు సంగతులు తెలుస్తాయి. నిర్ణయం ఎవరిదో తెలుస్తుంది. దాన్ని తెలియజేసిన మనిషి పేరూ తెలుస్తుంది. రేపు అనుమానం వస్తే అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. ఇప్పుడు చాలా కంపెనీల మెయిళ్ల కింద ‘టీమ్ హెచ్‌ఆర్’, ‘పర్చేజ్ డిపార్ట్‌మెంట్’ అని ఉంటోంది, మనిషి పేరు లేదు. బిల్లు మూడు నెలలుగా ఆగిపోయినవాడు ఎవరిని అడగాలి?

అమెరికా సైన్యంలో, ముఖ్యంగా నౌకాదళంలో, ఒక ఆచారం ఉంది. పై ర్యాంకువారికి రాస్తే ‘వెరీ రెస్పెక్ట్‌ఫుల్లీ’. సమానులకీ కింది ర్యాంకువారికీ ‘రెస్పెక్ట్‌ఫుల్లీ’. ఇప్పుడు దాన్ని ‘వి బార్ ఆర్’ అని రెండక్షరాలకి కుదించేశారు. గౌరవాన్ని పొడి అక్షరాలు చేయడం నాకు నచ్చదు, మీరు చేయకండి. కానీ ఆ ఆచారంలో గమనించవలసింది వేరే ఉంది. అడ్మిరల్ తన కింది ఉద్యోగికి రాసినా ‘గౌరవంతో’ అనే ముగిస్తాడు. పైకి ఇంకొక ‘చాలా’ చేరుతుందంతే. కిందికి సున్నా కాదు. బ్రిటిష్ నౌకాదళంలోనూ స్కాట్లండ్ రెజిమెంట్లలోనూ ‘యువర్స్ ఐ’ అని ముగించే అలవాటు ఉంది, ఎప్పటికీ మీవాడినే అని. అది స్నేహితుల మధ్య మాట, మనకి అక్కర్లేదు.

*

‘జై హింద్’ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ ఊళ్లో దాన్ని తేలిగ్గా తీసుకునేవారుంటే బాధ కలుగుతుంది.

ఆ పలకరింపును రూపొందించినవాడు హైదరాబాదులో పుట్టిన ఆబిద్ హసన్ సఫ్రానీ అని చెబుతారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఆయన జర్మనీలో చదువుకుంటూ నేతాజీ సుభాష్ చంద్రబోసుతో చేరాడు. అక్కడ యుద్ధఖైదీలైన భారతీయ సైనికులతో ఒక దళం ఏర్పడుతోంది. వాళ్లు ఎవరి మతాన్ని బట్టి వారు పలకరించుకునేవారు. అందరికీ ఒకే పలకరింపు కావాలని నేతాజీ కోరాడు. రాజపుత్ర సైనికులు ‘జై రామ్‌జీ కీ’ అనుకోవడం విన్న ఆబిద్ హసన్‌కి ‘జై హిందుస్తాన్ కీ’ అని తోచి, అది చివరికి ‘జై హింద్’ అయిందని కథనం. 1943లో నేతాజీ జర్మనీ నుంచి జలాంతర్గామిలో బయల్దేరినప్పుడు వెంట వెళ్లింది కూడా ఆయనే. స్వాతంత్ర్యం వచ్చాక 1947 నవంబరు 21న విడుదలైన స్వతంత్ర భారతపు మొదటి తపాలా బిళ్ల మీద జాతీయ జెండా పక్కన ఉన్నది ఈ మాటే. ఉత్తరంతో ఆ మాటకి అంత పాత సంబంధం.

ఆ నేతాజీ 1928లో జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ అధ్యక్షుడయ్యాడు. ఉక్కు కర్మాగారంలో సమ్మె ఉధృతంగా సాగిన ఏడాది అది. ఇప్పుడు టాటా వర్కర్స్ యూనియన్‌గా తెలిసిన సంఘం అదే. ఈ ఊరి పేరుకీ సైన్యంతో ముడి ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడి ఉక్కు, ఇక్కడి రైలు పట్టాలు చేసిన మేలుకి గుర్తుగా 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చీకి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టాడు. రెండో యుద్ధంలో ఇక్కడ తయారైన కవచ వాహనాన్ని సైనికులు ‘టాటానగర్’ అనే పిలిచేవారు.

అందుకే నా మాట ఇది. సైన్యంలో పనిచేసినవారు తమ వంటివారికి రాస్తే ‘జై హింద్’తో ముగించడం సహజం, అందం కూడా. కంపెనీ లోపల రోజువారీ రిపోర్టులో, సరుకు లెక్కల మెయిల్లో ‘రిగార్డ్స్’ చాలు, తక్కువ చేసినట్టు కాదు. రిపబ్లిక్ డే, స్వాతంత్ర్య దినం, ఒక సహోద్యోగి సైనిక సేవ గురించిన అభినందన, ఇలాంటి చోట రాయండి. ఎవరైనా మీకు ‘జై హింద్’ అని ముగించి రాస్తే, మీరు సైన్యం నుంచి వచ్చినా రాకపోయినా, తిరిగి ‘జై హింద్’ అనే రాయండి. అది పలకరింపు. దానికి తిరిగి పలకరించకుండా ‘థాంక్స్ అండ్ రిగార్డ్స్’ అంటే చాచిన చెయ్యిని చూడనట్టు నటించడమే అవుతుంది.

ర్యాంకు సంగతి. పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరం అని ఒక ఊరుంది. తరాలుగా ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్లిన ఊరు. అలాంటి ఇళ్లలో ‘కేరాఫ్ 56 ఏపీఓ’, ‘కేరాఫ్ 99 ఏపీఓ’ అని సైనిక తపాలా చిరునామా ఉన్న కవర్లు చూసిన పిల్లలకి నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ అనే వరస కంఠతా వచ్చేస్తుంది. ఆ వరస కంపెనీ మెయిల్లో అలాగే దించకండి. సర్వీసు నంబరు అసలు పెట్టవద్దు. అది మీ పింఛను కాగితాలకి సంబంధించినది, పదిమందికి ఫార్వర్డ్ అయ్యే మెయిల్లో ఉండకూడదు. అధికారులు ర్యాంకు ముందు రాసి, పేరు తర్వాత బ్రాకెట్లో ‘రిటైర్డ్’ అని రాయాలి. ర్యాంకు రిటైర్ కాదు, మనిషి రిటైరవుతాడు అని సైన్యంలో అంటారు. హవల్దారు, నాయక్‌లు ‘ఎక్స్ హవల్దార్’ అని ముందు రాసుకోవడం రివాజు. కంపెనీ పనిమీద రాసేటప్పుడు మాత్రం ముందు ఇప్పటి ఉద్యోగం, తర్వాతే పాత ర్యాంకు. గేటు పాసు కోసం మీకు రాసే లారీ యజమానికి మీరు ఏ గేటు చూస్తున్నారన్నది కావాలి.

రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేసినప్పుడు సైనిక, విద్యా సంబంధమైన విశిష్టతలను మాత్రం మినహాయించింది. కాబట్టి కర్నల్, డాక్టర్ అని రాసుకోవచ్చు. పద్మ పురస్కారాలని పేరు ముందూ వెనకా తగిలించుకోకూడదని సుప్రీంకోర్టు 1995లో స్పష్టంగా చెప్పింది. తెలుగు సినిమా టైటిళ్లలో నటుల పేర్ల ముందు ‘పద్మశ్రీ’ వేసిన వ్యవహారం 2013లో హైకోర్టు దాకా వెళ్లింది. కులసంఘం అధ్యక్షుడు, ఫలానా క్లబ్బు మాజీ కార్యదర్శి అని మెయిల్ కింద పేర్చేవారికి కోర్టు అడ్డురాదు. కానీ అవి చదివేవాడి పనికి రావు, తీసేయండి.

1995 అక్టోబరులో ఇంటర్నెట్ మర్యాదల మీద ఒక పత్రం వెలువడింది. ఇంటెల్ సంస్థకి చెందిన శాలీ హాంబ్రిడ్జ్ దాన్ని కూర్చింది. మెయిల్ కింద సంతకం నాలుగు పంక్తులు దాటకుండా ఉంటే మేలని అందులో ఉంది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా నాకు ఇంతకంటే మంచి కొలత కనబడలేదు. పేరు, పని, సంస్థ, ఫోను. కంపెనీ లోగో, మూడు భాషల్లో గోప్యతా హెచ్చరిక, చెట్లు నరకవద్దన్న విన్నపం, వివేకానందుడి సూక్తి, ఇవన్నీ కలిస్తే ఫోన్లో చదివేవాడు వేలితో ఎంతసేపు జరిపినా అసలు విషయం దొరకదు.

*

ధన్యవాదాల దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మన దేశంలో వ్యాపార మెయిళ్ల చివర ఎక్కువగా కనిపించేది ‘థాంక్స్ అండ్ రిగార్డ్స్’. తప్పేమీ కాదు. కానీ దేనికి థాంక్సో చెప్పకపోతే అది గోడ మీది సున్నంలా కనబడీ కనబడకుండా ఉండిపోతుంది.

2017లో బూమరాంగ్ అనే మెయిల్ సంస్థ మూడున్నర లక్షలకు పైగా మెయిల్ సంభాషణలు పరిశీలించింది. ‘థాంక్స్ ఇన్ అడ్వాన్స్’ అని ముగించినవాటికి 65.7 శాతం జవాబులు వచ్చాయి. ‘బెస్ట్’ అని ముగించినవాటికి 51.2 శాతమే. ఆ మెయిళ్లలో చాలావరకు సాఫ్ట్‌వేర్ పనిలో ఒకరినొకరు సాయం అడుగుతూ రాసుకున్నవి. సమానుల మధ్య అది చెల్లుతుంది. మీ కింద పనిచేసేవారికి ‘ముందస్తు ధన్యవాదాలు’ అని రాస్తే అది ఆజ్ఞలాగే వినిపిస్తుంది, కాదనే వీలు వాళ్లకి ఉండదు కనుక. పై అధికారికి రాస్తే ఆయన ఇంకా ఒప్పుకోని పనికి ఒప్పుకున్నట్టు మీరే తేల్చేసినట్టవుతుంది. రెండు చోట్లా వద్దు.

ఇంకో అధ్యయనం నాకు ఇంతకంటే విలువైనది. ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా జీనో 2010లో ప్రచురించారు. ఒక విద్యార్థి దరఖాస్తు లేఖని దిద్ది పెట్టినవారిలో కొందరికి ‘అందింది’ అని మాత్రమే మెయిల్ వచ్చింది. మిగతావారికి కృతజ్ఞత కూడా చెప్పారు. మళ్లీ సాయం అడిగితే మొదటివారిలో 32 శాతం మంది చేశారు, రెండోవారిలో 66 శాతం. చేసిన పనికి చెప్పిన ధన్యవాదం అంత పని చేసింది. కాబట్టి థాంక్స్ చెప్పదలిస్తే పని పేరు పెట్టి చెప్పండి: ‘ఆదివారం కూడా వచ్చి క్రేన్ సరిచేసినందుకు ధన్యవాదాలు.’ ఆ పంక్తి తర్వాత మీ పేరు ఉంటే చాలు, ‘రిగార్డ్స్’ కూడా అవసరం లేదు.

*

ఇప్పుడు కిందికి, బయటికి రాసే మెయిళ్లు. ఒక్కొక్కటిగా చూద్దాం.

ఖర్కాయ్ నదికి అవతల ఆదిత్యపూర్‌లో చిన్న మెషిన్ షాపు నడిపేవాడు తన బిల్లు గురించి మూడోసారి రాశాడనుకోండి. మీ దగ్గర నుంచి వెళ్లే జవాబు చాలాసార్లు ఇలా ఉంటుంది:

‘నోటెడ్. విల్ చెక్.
రిగార్డ్స్,
పర్చేజ్.’

మర్యాదకి లోటేమీ లేనట్టే కనిపిస్తుంది, ‘రిగార్డ్స్’ ఉంది కదా. కానీ మనిషి లేడు, తేదీ లేదు, పూచీ లేదు. అదే మెయిల్ ఇలా రాయవచ్చు:

‘మీ బిల్లు అకౌంట్స్‌కి వెళ్లింది. ఆలస్యానికి మన్నించండి. శుక్రవారం సాయంత్రంలోగా ఏ సంగతీ నేనే మీకు చెబుతాను.
మీ పేరు,
మీ హోదా, పర్చేజ్ విభాగం,
నేరుగా దొరికే ఫోను నంబరు.’

ఇందులో ముగింపు మాట అంటూ విడిగా ఏదీ లేదు. ‘నేనే చెబుతాను’ అన్న వాక్యమే ముగింపు. డబ్బు మీ చేతిలో లేకపోవచ్చు, జవాబు మీ చేతిలోనే ఉంది. శుక్రవారం నాటికి డబ్బు రాకపోయినా, రాలేదని శుక్రవారం రాయండి. ఆ రెండో మెయిల్ చాలామంది రాయరు, అందుకే అది రాసేవాడిని జనం గుర్తుపెట్టుకుంటారు.

సెలవు ఇవ్వలేనప్పుడు. ఊళ్లో పండగకి వెళ్లాలని ఫిట్టర్ అడిగాడు, షట్‌డౌన్ పని ఉంది, మీరు కాదన్నారు. ‘నాట్ అప్రూవ్డ్’ అని రెండు మాటలు రాసి కింద మీ ఫోన్ పెట్టే ‘వార్మ్ రిగార్డ్స్’ వస్తే అది చాలా నొప్పిస్తుంది. ఆ ఆటోమేటిక్ పంక్తిని ఇలాంటి మెయిళ్లలో చేతితో తీసేయండి. కారణం ఒక్క వాక్యంలో చెప్పండి, మళ్లీ ఎప్పుడు ఇవ్వగలరో ఇంకో వాక్యంలో చెప్పండి, పేరు పెట్టండి. ఈ ఊళ్లోనే 1912లో, ఇంకా చట్టం బలవంతపెట్టకముందే, ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం అమలులోకి వచ్చింది. పనివాడి సమయానికి విలువ ఇవ్వడమన్నది ఇక్కడ కొత్త పాఠం కాదు.

హెచ్చరిక మెయిల్. ఇక్కడ ముగింపు పొడిగా ఉండాలి. ‘వార్మ్’, ‘కైండ్’, ‘బెస్ట్’ ఏవీ వద్దు. తప్పు చెప్పి, ఏ తేదీలోగా సంజాయిషీ ఇవ్వాలో చెప్పి, పేరు, హోదా. కోపంలో రాసిన మెయిల్ కింద ‘రిగార్డ్స్’ పెట్టి పంపించడం కంటే పొద్దుటిదాకా ఆగి పంపించడం మంచిది.

ఉద్యోగం ఇవ్వలేమని చెప్పే మెయిల్‌కి నేను ఎక్కువ సమయం పెట్టమంటాను. కాసిడీహ్‌లో, సాక్చీలో ఎంతోమంది కుర్రాళ్లు, ఆడపిల్లలు ఇంటర్వ్యూకి వెళ్లి వచ్చి నెలలు ఎదురు చూస్తారు. ఈ ఊళ్లోనే 1949 నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ అనే మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ ఉంది. పనివాళ్లకీ యాజమాన్యాలకీ మధ్య సంబంధాలని ఒక శాస్త్రంగా బోధించడం దాని పునాదుల్లోనే ఉంది. అటువంటి ఊళ్లో జవాబే రాకపోవడం, వచ్చినా ‘నో రిప్లై’ అడ్రసు నుంచి రావడం బాధాకరం. ‘మీరు ఇంటర్వ్యూకి వచ్చినందుకు ధన్యవాదాలు, ఈసారి వేరొకరిని తీసుకున్నాం’ అని ఒక పేరుతో రాయండి. కింద ‘యువర్స్ సిన్సియర్లీ’ ఎంతో బాగుంటుంది; ఆ మాట నిజంగా తగిన మెయిల్ ఇదే.

సంతాపం. ఎవరింట్లోనైనా పోయారని తెలిస్తే ‘రిగార్డ్స్’ అసలు వద్దు. హోదా, ఫోన్, లోగోతో ఉన్న సంతకాన్ని మొత్తం చెరిపేయండి. తెలిసిన మనిషైతే ‘బాబాయ్’, ‘పిన్నిగారూ’ అని మీరు రోజూ పిలిచే పిలుపుతోనే మొదలుపెట్టి, చివర మీ పేరు ఒక్కటే పెట్టండి. ఇది పైవారికైనా కిందివారికైనా ఒకటే.

జవాబుల వరస సాగుతున్నప్పుడు మూడో మెయిల్ నుంచి ముగింపు మాటలు వదిలేయవచ్చు, పేరు చాలు. కానీ కొత్త మనిషిని సీసీలో చేరిస్తే మళ్లీ పూర్తి సంతకం పెట్టండి, ఆయనకి మీరెవరో తెలియాలి. పై అధికారిని సీసీలో పెట్టగానే కాంట్రాక్టర్‌కి రాసే భాష మారిపోయే అలవాటు ఉంటే, అది గమనించుకోండి. సాబ్ చూస్తున్నప్పుడు మాత్రమే ‘వార్మ్’ వస్తుంటే, ఆ కాంట్రాక్టర్‌కి కూడా ఆ సంగతి తెలిసిపోతుంది.

ఇక మెయిల్ అడ్రసే లేనివాళ్లు. గేటు లోపలికి రోజూ వచ్చే కాంట్రాక్టు కూలీలలో చాలామందికి కంపెనీ మెయిల్ ఉండదు. వాళ్లకి సంబంధించిన నిర్ణయం సూపర్‌వైజరు మెయిల్లోనే ఆగిపోతుంది. దాన్ని హిందీలో, అవసరమైతే తెలుగులోనో సంతాలీలోనో అచ్చు తీసి టైమ్ ఆఫీసు బోర్డు మీద పెట్టండి. వాట్సాప్‌లో పంపినా ఆ కాగితమే ఫోటో తీసి పంపండి. కింద ‘యాజమాన్యం’ అని వదిలేయకుండా మీ పేరు చదవగలిగేలా రాయండి, ‘ధన్యవాద్’ అనండి, ఏ షిఫ్టులో ఏ గదిలో దొరుకుతారో, ఏ నంబరుకి ఫోన్ చేయాలో ఆ కింద రాయండి.